మూసిన చానల్‌లోంచి వచ్చే అల: చాతం జెట్టీ నేపథ్యంలో అనలాగ్ మల్టీప్లెక్సర్ ఎంపిక

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది. చాతం మాత్రం చాతంగానే ఉంది. హడ్డో వైపు నుంచి చిన్న వంతెన దాటితే వచ్చే ఈ దీవి పేరు చెప్పగానే ఎవరికైనా 1883 నాటి సామిల్లు, పడాక్ దుంగలు గుర్తొస్తాయి. ఈ వ్యాసానికి కావలసింది మిల్లు కాదు, జెట్టీ దగ్గర సముద్రమట్టాన్ని కొలిచే టైడ్ గేజ్. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర వచ్చిన భూకంపం పుట్టించిన సునామీని బంగాళాఖాతం చుట్టూ ఉన్న గేజ్‌లు కాగితం మీద గీశాయి. వాటిలో నమోదైన గరిష్ఠ ఎత్తు సుమారు 0.8 మీటర్లు. 2004 డిసెంబరు 26న పోర్ట్ బ్లెయిర్ నేలే దాదాపు ఒక మీటరు కుంగింది. అంటే ఇక్కడి పరికరం మీటరులోపు తేడాలను పొరపాటు లేకుండా చెప్పాలి. కింది లెక్కలు చదివేటప్పుడు ఆ 0.8 మీటర్లను మనసులో ఉంచుకోవాలి.

హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరులో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. దాని నెట్‌వర్క్‌లోని గేజ్‌లు రాడార్, ప్రెషర్, షాఫ్ట్ ఎన్‌కోడర్ అని వేర్వేరు సూత్రాల మీద పనిచేసే సెన్సర్లను వాడతాయి. చదువులు ఉపగ్రహం ద్వారా హైదరాబాదు చేరతాయి. ఇలాంటి కేంద్రంలో సెన్సర్లు, బ్యాటరీ, ఉష్ణోగ్రత వంటి అనలాగ్ సంకేతాలను వంతులవారీగా ఒకే ఏడీసీకి అందించాలంటే మల్టీప్లెక్సర్ కావాలి. చాతం గేజ్ లోపలి సర్క్యూట్‌ను వర్ణించడం నా ఉద్దేశం కాదు. అలాంటి జెట్టీ మీద పెట్టే బోర్డుకు వేసుకున్న లెక్క ఇది.

మల్టీప్లెక్సర్ కొనేవాడు డేటాషీట్‌లో మొదట చూసేది రెండు అంకెలు: ఆన్ రెసిస్టెన్స్, బ్యాండ్‌విడ్త్. రెండూ తెరిచి ఉన్న చానల్ గురించినవే. ఎనిమిది చానళ్ల చిప్‌లో ఏ క్షణాన చూసినా ఏడు మూసే ఉంటాయి. తప్పు చదువులు ఎక్కువగా పుట్టేది ఆ ఏడింట్లోనూ, ఇంతకుముందే మూసుకున్న చానల్ వదిలివెళ్లిన చార్జిలోనూ.

ముందు నెమ్మది సంకేతం సంగతి. మట్టం సెన్సర్ 10 మీటర్లకు 1 నుంచి 5 వోల్టులు ఇస్తుందనుకుందాం. ఒక సెంటీమీటరుకు 4 మిల్లీవోల్టులు. పిడుగుల భయానికి డిజైనరు ప్రతి చానల్‌కూ వరసలో 100 కిలోఓంల రెసిస్టర్ పెట్టాడు. మల్టీప్లెక్సర్ ఉమ్మడి కాలి దగ్గర 30 పికోఫారాడ్‌ల కెపాసిటెన్స్ ఉంది. టైమ్ కాన్‌స్టంట్ 3 మైక్రోసెకన్లు. 16 బిట్ల ఖచ్చితత్వానికి దానికి 12 రెట్లు, అంటే 36 మైక్రోసెకన్లు ఆగాలి. ప్రోగ్రామ్ రాసినవాడు 10 మైక్రోసెకన్లకే చదివేశాడు. ముందు చదివిన బ్యాటరీ చానల్ 5 వోల్టులు, సముద్రం 1 వోల్టు. పాత చార్జిలో 3.6 శాతం ఇంకా మిగిలే ఉంది, అంటే 143 మిల్లీవోల్టులు. సముద్రం 36 సెంటీమీటర్లు పొంగినట్టు. 1881 నాటి గరిష్ఠ అలలో దాదాపు సగం!

దీన్ని స్థిరమైన తేడా అనుకుని సరిచేసి వదిలేయడానికి లేదు. సాయంత్రం సౌరఫలకం మీద ఎండ తగ్గి బ్యాటరీ చానల్ 5 నుంచి 4 వోల్టులకు దిగితే సముద్రం 9 సెంటీమీటర్లు దిగినట్టు కనిపిస్తుంది. రోజుకోసారి వచ్చే ఈ ఊపు ఆటుపోట్ల విశ్లేషణలో దర్జాగా ఒక అంశంగా కూర్చుంటుంది.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. సీడీ4051 పాతది, 5 వోల్టుల దగ్గర దాని ఆన్ రెసిస్టెన్స్ వందల ఓంలు ఉంటుంది కనుక 4 ఓంల తరగతి ఖరీదైన చిప్ వేస్తే సరిపోతుందనుకుంటారు. ఆన్ రెసిస్టెన్స్ తగ్గాలంటే లోపలి ట్రాన్సిస్టర్లు వెడల్పు కావాలి. అవి వెడల్పయితే కెపాసిటెన్స్ పెరుగుతుంది. అలాంటి చిప్‌లలో ఉమ్మడి కాలి దగ్గర 100 పికోఫారాడ్‌లు దాటడం మామూలే. 120 అనుకుంటే టైమ్ కాన్‌స్టంట్ 12 మైక్రోసెకన్లు. అదే 10 మైక్రోసెకన్ల చదువులో దొంగ అల 4.3 మీటర్లకు చేరుతుంది. డబ్బు పెట్టి ప్రళయం కొనుక్కున్నట్టు. నాకైతే ఈ సందర్భంలో ఆన్ రెసిస్టెన్స్ అసలు చూడాల్సిన అంకే కాదు. 100 కిలోఓంల పక్కన 400 ఓంలెంత, 4 ఓంలెంత?

మందు చవకైనదే. రెసిస్టర్‌కూ మల్టీప్లెక్సర్‌కూ నడుమ ప్రతి చానల్‌కూ భూమికి 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ పెడితే పాత చార్జి దాంట్లో కలిసిపోతుంది. పాత చిప్‌తోనే తప్పు 1.2 మిల్లీవోల్టులకు, అంటే 3 మిల్లీమీటర్లకు పడిపోతుంది. ఆ కెపాసిటర్ మళ్లీ కోలుకోవడానికి పదుల మిల్లీసెకన్లు కావాలి. సెకనుకొకసారి చదివే సముద్రానికి అదేమీ ఇబ్బంది కాదు.

వేగమైన సంకేతాలకు లెక్క పూర్తిగా మారుతుంది. ఉపగ్రహ మోడెమ్‌కు డిష్ నుంచి వచ్చే సంకేతం 950 మెగాహెర్ట్జ్ పైన ఉంటుంది. ఆ దారిలో నాలుగైదు చోట్ల సంకేతాన్ని పట్టి ఒకే కొలత పరికరానికి ఇచ్చే టెస్ట్ జిగ్ చేయాలంటే, 50 ఓంల దారిలో 100 ఓంల స్విచ్ పెట్టడంతోనే 6 డెసిబెల్స్ పోతాయి. 2.5 ఓంల స్విచ్‌తో పోయేది 0.2 మాత్రమే. ఇక్కడ ఆన్ రెసిస్టెన్స్‌కు విలువ ఉంది. అయినా అసలు చిక్కు మూసిన స్విచ్‌దే. దాని రెండు కొసల మధ్య 1 పికోఫారాడ్ ఉంటే 10 మెగాహెర్ట్జ్ దగ్గర 44 డెసిబెల్స్ ఆపుతుంది, 100 దగ్గర 24. గిగాహెర్ట్జ్ దగ్గర అయిదున్నరే. అంటే మూసిన చానల్‌లోంచి సగం వోల్టేజీ దర్జాగా నడిచి వస్తోంది. అలాంటి జిగ్‌తో తెగిపోయిన కేబుల్‌ను పరీక్షిస్తే పక్క చానల్ సంకేతం కనిపించి కేబుల్ బాగుందని తేలుతుంది. ఏడీజీ904 వంటి ఆర్‌ఎఫ్ స్విచ్‌లు ఎంచుకోని దారులను లోపలే 50 ఓంలతో భూమికి దించుతాయి. అందుకే 1 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 37 డెసిబెల్స్ ఆపగలుగుతాయి. అయితే అవి 2.75 వోల్టుల లోపు సరఫరా మీద నడిచేవి. సెన్సర్ల 5 వోల్టులను వాటికి చూపించకూడదు. మట్టానికీ మోడెమ్‌కూ ఒకే చిప్ సరిపెట్టాలన్న ఆశ ఇక్కడితో వదులుకోవాలి.

ఇక చాతం గాలి. ఏడాదికి సుమారు 3 మీటర్ల వాన, మిగతా రోజుల్లో ఉప్పుతేమ. చిప్ లీకేజీ ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర 2 నానోయాంపియర్లు ఉన్నది ఎండలో కాగిన పెట్టెలో 65 డిగ్రీలకు 32 అవుతుంది. మన 100 కిలోఓంల మీద అది 3.2 మిల్లీవోల్టులు, సెంటీమీటరులోపే. అంతకంటే బోర్డు మీద పేరుకున్న ఉప్పు పొర ప్రమాదం. కాళ్ల మధ్య ఒక మిల్లీమీటరు ఎడంలో అది దారి వేసిందంటే చిప్ ఎంత మంచిదైనా ఒకటే. ఉమ్మడి కాలి చుట్టూ గార్డ్ రింగ్, పైన పూత తప్పనిసరి.

బ్యాటరీ పడిపోయినప్పుడు మరో వింత. బోర్డుకు కరెంటు పోయినా విడిగా సరఫరా ఉన్న సెన్సర్ వోల్టేజీ ఇస్తూనే ఉంటుంది. అది మామూలు చిప్ రక్షణ డయోడ్ల గుండా ఎక్కి, చచ్చిన చిప్‌ను అరకొరగా బతికించి, మిగతా చానళ్లను కలగాపులగం చేస్తుంది. ఏడీజీ508ఎఫ్ వంటివి సరఫరా లేనప్పుడు అన్ని చానళ్లనూ మూసి ఉంచుతాయి. వాటి ఆన్ రెసిస్టెన్స్ వందల ఓంలే, కానీ మట్టం కొలతకు అది అడ్డు కాదని ముందే చూశాం. జెట్టీ బోర్డుకు నేను వేసేది వాటినే.

చివరిగా పరీక్ష. ఎనిమిదింట్లో ఒక చానల్‌ను భూమికి కట్టి సున్నా చదవడం మామూలు అలవాటు. నేరుగా భూమికి కడితే మాత్రం పాత చార్జి క్షణంలో దిగిపోయి ఎప్పుడూ సున్నాయే కనిపిస్తుంది, దొంగ అల దొరకదు. దాన్నీ అదే 100 కిలోఓంల రెసిస్టర్, అదే కెపాసిటర్ గుండా కట్టి, వరసలో బ్యాటరీ చానల్ వెనకే పెట్టాలి. అప్పుడు అక్కడ కనిపించే ప్రతి 4 మిల్లీవోల్టులూ సముద్రంలో లేని ఒక సెంటీమీటరు.