క్వినైన్‌ను పక్కకు జరిపిన పరీక్ష

మలేరియా ముదిరి స్పృహ తప్పిన బిడ్డను ఆఫ్రికాలో ఆస్పత్రికి తెస్తే, 2005లో కూడా ఎక్కించింది క్వినైనే. 1820లో పారిస్‌లో పెల్తియే, కావెంతూ సింకోనా బెరడు నుంచి తీసిన మందు అది. దానివల్ల బతికినవాళ్లు లెక్కలేనంతమంది. కానీ దాన్ని సెలైన్‌లో కలిపి గంటల తరబడి నిదానంగా ఎక్కించాలి. తొందరపడితే గుండెకు ముప్పు. రక్తంలో చక్కెర పడిపోతుంది కూడా. ఒక్క నర్సు వార్డంతా చూసుకునే చోట అంతసేపు ఎవరు కనిపెట్టుకుని ఉంటారు?

మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రికి దగ్గరి చుట్టమైన మొక్క నుంచి చైనాలో తూ యూయూ బృందం 1970ల మొదట్లో మలేరియాపై పనిచేసే ఆర్టెమిసినిన్‌ను వేరు చేసింది. దాని సంతతి మందు ఆర్టెమీథర్‌ను 1990లలో గాంబియా, కెన్యా పిల్లలపై పరీక్షిస్తే క్వినైన్‌తో పోలిస్తే మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. నూనెలో కలిపిన ఆ సూదిమందు కండ నుంచి రక్తంలోకి ఒక్కో బిడ్డలో ఒక్కోలా చేరేది. ఆర్టెమిసినిన్ సంతతిలోనిదే మరో మందు ఆర్టిసునేట్ అలా కాదు. దాన్ని నేరుగా నరంలోకి, నిమిషాల్లో ఇవ్వొచ్చు. క్వినైన్ దెబ్బ ముదిరిన క్రిములకే బాగా తగులుతుంది. ఆర్టిసునేట్ లేత క్రిములనూ చంపుతుంది, అవి మెదడులోని సన్నని రక్తనాళాలకు అంటుకోకముందే.

2005లో ఈ రెండు మందులనూ పోల్చిన ఆసియా పరీక్ష ఫలితం వచ్చింది. ఒడిశాలోని రూర్కెలా కూడా పాల్గొన్న ఆ పరీక్షలో క్వినైన్ తీసుకున్నవారిలో 22 శాతం, ఆర్టిసునేట్ తీసుకున్నవారిలో 15 శాతం చనిపోయారు. అయితే పరీక్షలో చేరినవారిలో చాలామంది పెద్దవాళ్లు. పసిపిల్లల్లో ఈ జబ్బు నడిచే తీరే వేరు.

అందుకే ఆఫ్రికాలో ‘ఆక్వామాట్’ అనే పరీక్ష మొదలైంది. తొమ్మిది దేశాలు, 11 ఆస్పత్రులు, 5,425 మంది పిల్లలు, దాదాపు ఐదేళ్లు. ఆసియా ఫలితం తెలిశాక కూడా సగంమంది బిడ్డలకు పాత మందే ఇవ్వడం న్యాయమేనా? ఈ ప్రశ్న నన్ను వదలదు. అయినా న్యాయమే అంటాను. ఆర్టెమీథర్ మీద పెట్టుకున్న ఆశ ఏమైందో చూసినవాళ్లు ఊహ మీద మందు మార్చలేరు. తేడా చిన్నదైతే, చిన్న పరీక్షకు అది చిక్కదు కూడా.

2010లో లెక్క తేలింది. క్వినైన్ వైపు 297 మరణాలు, ఆర్టిసునేట్ వైపు 230. అంటే, మందు మార్చితే ప్రతి 41 మంది పిల్లల్లో అదనంగా ఒకరు బతుకుతారు. మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ, తీవ్ర మలేరియా వచ్చిన ఆఫ్రికా పిల్లలకు ఆర్టిసునేట్‌నే ముందు ఇవ్వాలని సిఫారసు చేసింది.