పరపతి పుస్తకమునకు తాళము



పల్లెలో ఒకని పరపతి ఎంతటిదో తెలిసికొనుటకు పుస్తకమక్కఱలేదు. షావుకారు అరుగుమీద కూర్చుండియే చెప్పగలడు. ఫలానావాడు పంట ఇంటికి రాగానే బాకీ తీర్చును. ఫలానావాడు ప్రోనోటు తిరుగవ్రాయించును. మఱియొకనికి జామీను లేనిదే గింజయైనను ఇయ్యరాదు. ఈ తెలివియంతయు ముఖపరిచయమువలన వచ్చినది. ఒకని పేరు చెప్పి వేఱొకడు అప్పు తెచ్చుట అచ్చట సాగదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ముఖపరిచయము పోయి దాని స్థానమున కాగితమును, కాగితము స్థానమున కంప్యూటరును వచ్చినవి. తన పేరిట నున్న పుస్తకమును తాను మూయించుకొనుటకై అచ్చటి సామాన్యుడు పడిన పాటులే నేటి ప్రసంగవిషయము. మన బిడ్డలెందఱో ఆ దేశమున కాపురముండుటచేత ఇది మనకు బొత్తిగా దూరపు సంగతి కాదు.

న్యూయార్కు నగరమున ఆర్థర్ టాపన్, లూయీ టాపన్ అను సోదరులు పట్టువస్త్రముల వ్యాపారము చేయుచుండిరి. 1837వ సంవత్సరపు ఆర్థికసంక్షోభములో వారి వ్యాపారము కూలినది. అరువు తీసికొన్న దూరపు వర్తకులు చెల్లింపలేకపోయిరి. బానిసత్వమును జీవితాంతము ఎదిరించిన ఈ లూయీ టాపన్ 1841లో మర్కంటైల్ ఏజెన్సీ అను సంస్థను స్థాపించెను. ఊరూరనున్న న్యాయవాదులు మొదలగువారు తమ ప్రాంతపు వర్తకుల ఆస్తిని, అప్పును, నడవడిని, కడకు త్రాగుడును గూర్చియు వ్రాసి పంపుచుండిరి. తరువాత దేశాధ్యక్షుడైన అబ్రహాం లింకను కూడ ఇట్లు వ్రాసినవారిలో నొకడని ఆ సంస్థకు వారసులైనవారు చెప్పుకొందురు. చందాదారుడు కార్యాలయమునకు వచ్చినచో గుమాస్తా పెద్దపుస్తకము తెఱచి చదివి వినిపించును. ఎవనిని గూర్చి వ్రాసిరో వానికి మాత్రము ఆ పుట చూపరు. ఒహాయో రాష్ట్రమునకు చెందిన బియర్డ్‌స్లీ అను వర్తకుడు తనను గూర్చి అసత్యము వ్రాసిరని దావావేసి క్రిందికోర్టులో గెలిచెను గాని, 1870లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. ఆ పుస్తకములు రెండువేల అయిదువందలకు పైబడినవి నేడు హార్వర్డు విశ్వవిద్యాలయ గ్రంథాలయములో నున్నవి. నాడు వర్తకుడు చూడ నోచని పుటను నేడు పరిశోధకవిద్యార్థి తీరికగా చదువుకొనుచున్నాడు.

ఇది వర్తకుల మాట. గృహస్థుల వంతు అటుతరువాత వచ్చెను. కేటర్ వుల్‌ఫోర్డ్ అను కిరాణావర్తకుడు చాటనూగా పట్టణమున తోడివర్తకుల కొఱకు ఖాతాదారుల పట్టికను తయారుచేసి, అందు లాభము కనిపింపగా, 1899లో తమ్ముడు గైతో కలిసి అట్లాంటా నగరమున రీటెయిల్ క్రెడిట్ కంపెనీని పెట్టెను. వారి పుస్తకములో ఒక్కొక్కరి పేరునకెదురుగా వెంటనే చెల్లించువాడనియో, ఆలస్యము చేయువాడనియో, రొక్కమే అడుగవలసినవాడనియో గుర్తు. మన షావుకారు అరుగుమీది మాటలే ఇవి! అయినను అరుగుమీద మనిషి ఎదురుగా నుండును. తప్పు చెప్పినచో ఇదేమని అడుగవచ్చును.

క్రమముగా ఈ కంపెనీ విచారణకర్తలు ఇరుగుపొరుగువారి నడిగి గృహస్థుల గుట్టుమట్లను కూడ వ్రాయనారంభించిరి. దీనిపై గగ్గోలు పుట్టి 1970లో అమెరికా శాసనసభలు ఒక చట్టమును చేసినవి. తనను గూర్చి ఏమి వ్రాసియున్నదో తెలిసికొను హక్కును, తప్పును దిద్దించు హక్కును దానివలన పౌరునకు కలిగినవి. 1975లో ఆ కంపెనీ తన పేరును ఎక్విఫాక్సు అని మార్చుకొన్నది. ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అను మఱి రెండును చేరి నేటికిని ముగ్గురు పెద్దలు. వీరిలో ట్రాన్స్‌యూనియన్ మొదట రైలు ట్యాంకుబండ్లను అద్దెకిచ్చు కంపెనీ కడుపున పుట్టినది. పరపతికిని నూనెబండ్లకును సంబంధమేమో గాని, లాభమున్నచోటికి వ్యాపారి పోవుట వింత కాదు.

ఇక దొంగల సంగతి. అమెరికాలో ప్రతివానికి తొమ్మిదంకెల సంఖ్యయొకటి కలదు. వృద్ధాప్యపు పింఛను లెక్కకై 1936లో ఆ సంఖ్యల నిచ్చుట మొదలిడిరి. కాలక్రమమున బ్యాంకులును, ఆసుపత్రులును, యజమానులును దానినే వాడుకొనుటచే, మనిషిని గుర్తించు పేరును అదియే, వాని యింటి తాళపుచెవియు అదియే యయ్యెను. ఆ సంఖ్యయు పుట్టినతేదియు దొరకినచో దొంగ నీ పేరిట అప్పు తీయగలడు. బ్యాంకువారు నీ ముఖము చూడరు. పై మువ్వురిలో ఒకరి పుస్తకమును చూతురు. బాకీ వసూలుకు మనుష్యులు వచ్చువఱకు నీకు తెలియదు.

దీనికి విరుగుడుగా 2001లో కాలిఫోర్నియా రాష్ట్రము ఒక శాసనము చేసినది. పౌరుడు కోరినచో వాని పుస్తకమును క్రొత్త ఋణదాతలకు చూపకుండ మూయవలెను. దీనిని వారు ఫ్రీజు అందురు. గడ్డకట్టించుట యని మాటకర్థము. మనము తాళము వేయుట యనుకొందము. తక్కిన రాష్ట్రములును ఒక్కొక్కటిగా అనుసరించినవి. ఉపాయము మంచిదే; చిక్కంతయు ఆచరణలో నున్నది. మూడు కంపెనీలకు మూడు మార్లు వేర్వేఱుగా కోరవలెను. తొలిదినములలో రిజిస్టరు ఉత్తరము, దానితో గుర్తింపుపత్రపు నకలు, ఇంటి చిరునామాకు సాక్ష్యముగా కరెంటుబిల్లు పంపవలసియుండెను. అనేకరాష్ట్రములలో ఒక్కొక్క తాళమునకు పదిడాలరుల వఱకు రుసుము. తీయించుటకు మరల రుసుము. దంపతులిద్దఱును మూడుచోట్లను తాళము వేయించినచో అఱువది డాలరులు. ఇల్లు అద్దెకు తీసికొనవలెనన్నను, కారు కొనవలెనన్నను తాళము తీయించవలసియుండెను. ఎదుటివాడు మువ్వురిలో ఎవరి పుస్తకము చూచునో చాలసార్లు వానికే తెలియదు; కాబట్టి మూడును తీయించవలెను. తాళము తీయుటకు కంపెనీ ఇచ్చిన రహస్యసంఖ్యగల ఉత్తరము పోయినచో, నేను నేనే యని నిరూపించుకొను తిప్పలు మొదటికి వచ్చుచుండెను. పూర్వము నీవున్న వీధి పేరేమి, ఏ బ్యాంకున బాకీపడితివి అని ప్రశ్నింతురు. సరియైన జవాబు వారి పుస్తకములో నున్నదే; పుస్తకమే తప్పైనచో నిజమైన మనిషియే ఓడిపోవును.

2017లో జరిగిన దానిని కొంచెము విపులముగా చెప్పవలెను. ఎక్విఫాక్సు వాడుచున్న ఒక కంప్యూటరు సాధనములో లోపమున్నదని ఆ యేడు మార్చిలోనే లోకమునకు తెలిసెను. మరమ్మతు కూడ సిద్ధముగా నుండెను. కంపెనీవారు దానిని పూర్తిగా అమలుచేయలేదు. మే మొదలు జూలై వఱకు దొంగలు ఆ కన్నముగుండ దూరి సుమారు 14 కోట్ల 70 లక్షలమంది వివరములను తోడుకొనిపోయిరి. కంపెనీ జూలై చివర కనిపెట్టి సెప్టెంబరు 7న ప్రకటించినది. జనమంతయు తాళములకై ఒక్కసారి పరుగెత్తగా అంతర్జాలపుటలు తెఱచుకొనలేదు, టెలిఫోనులు అందలేదు. అంతకంటె వింత యేమనగా, ఎక్విఫాక్సు ఇచ్చుచున్న పదియంకెల రహస్యసంఖ్య తాళము వేసిన తేదీయు, గంటయు, నిముషమునే యని బయటపడినది. ఇంటికి తాళమువేసి తాళపుచెవిని గుమ్మమునకే వ్రేలాడదీసినట్లు! సొమ్ము పోగొట్టినవాడు మూడింట ఒక తాళమునకు రుసుము మానుకొన్నను, మిగిలిన రెండిటికి పలురాష్ట్రములలో జనులు తమ డబ్బే చెల్లించుకొనవలసివచ్చెను.

ఇట్లేల జరిగినదని విచారింపగా నాకు తోచునది ఒక్కటి. ఈ పుస్తకములలో ఎవరి పేరున్నదో వారు ఆ కంపెనీల ఖాతాదారులు కారు, వారు సరకు. చూడవచ్చిన బ్యాంకులును, అంగళ్లును ఖాతాదారులు. తాళము పెరిగినకొలది చూపు అమ్మకము తగ్గును. తెఱచియుంచుటే వాడుక, మూయుటకే అర్జీ యగుట 1841 నాటి పెద్దపుస్తకము నుండి వచ్చుచున్న ఆచారము.

2018 మేలో క్రొత్తచట్టము వచ్చి, సెప్టెంబరు 21 మొదలు తాళము వేయుటయు తీయుటయు దేశమంతట ఉచితమయ్యెను. అంతర్జాలమున గాని టెలిఫోనున గాని కోరినచో తాళము ఒక పనిదినములో వేయవలెను; తీయుటమాత్రము ఒక గంటలో జరుగవలెను. ఎవరి తొందరను చట్టము ముందు తలచినదో మీరే గ్రహింపగలరు. 2019లో ఎక్విఫాక్సు ప్రభుత్వముతో 70 కోట్ల డాలరుల వఱకు చెల్లించు రాజీకి వచ్చినది. నష్టపోయినవారికి 125 డాలరుల చొప్పున రొక్కమని ఆశ చూపిరి గాని, అందుకై కేటాయించినది 3 కోట్ల 10 లక్షలే యగుటచే, అర్జీదారులు వెల్లువయై రాగా చేతికి వచ్చినది అందులో స్వల్పభాగమే.

రుసుము పోయినను మూడు గుమ్మముల త్రిప్పట పోలేదు. కంపెనీలు తమ పుటలలో చట్టబద్ధమైన తాళమునకు ప్రక్కనే, దాదాపు అదే పేరుగల తమ సొంత తాళమును కొన్ని చోట్ల నెలరుసుముపై అమ్మజూపుచున్నవి. దానికి చట్టపు హామీ వర్తింపదు. అదిగాక ఈ మూడింటికి వెలుపల టెలిఫోను, కరెంటు బకాయిలకు వేఱొక పుస్తకమును, బ్యాంకుఖాతాల నడవడికి మఱొకటియు నున్నవి. వాటికి తాళములు వేఱు.

పదునాఱేండ్లు నిండని పిల్లల పేరిట కూడ దొంగలు అప్పులు తీయుచుండుటచే, 2018 చట్టము తల్లిదండ్రులకు ఆ బిడ్డల పుస్తకమును మూయించు హక్కు నిచ్చినది. అసలు పుస్తకమే లేని పసివానికి ముందొక పుస్తకము తెఱచి, పిమ్మట దానికి తాళము వేయుదురు. అందులకు జననపత్రమును, బిడ్డ సంఖ్యకు సాక్ష్యమును, తల్లిదండ్రుల గుర్తింపును నకలుతీసి సాధారణముగా టపాలోనే పంపవలెను. మూడు కవరులు, మూడు చిరునామాలు. అచ్చట పుట్టిన మన మనుమలకును ఇదే పద్ధతి.