చింబొరాజో కొండల్లో రేడియో బడి

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం మా హాస్టల్ రూమ్‌లో పెద్ద వాదన జరిగింది. మాలో కొందరివి చర్చికి వెళ్లే ఇళ్లు, కొందరివి ఇప్పటికీ మామిడి కొత్త పండగ చేసే ఇళ్లు. ఒకే గూడెంలో పండగ చందా దగ్గర మాటలు ఆగిపోయిన ఊళ్లు కూడా మాలో ఉన్నాయి. "మిషన్ వాళ్లు వచ్చాకే మందులు, బడి వచ్చాయి" అని ఒకరు. "వాటితో పాటు మన పాటలు పోయాయి" అని ఇంకొకరు. అన్నం బెల్లు కొట్టాక కూడా ఆగలేదు. మన దగ్గర సంగతి మాట్లాడితే ఎవరికో ఒకరికి కోపం వస్తోంది కాబట్టి, ఇదే గొడవ ఇంకో దేశపు ఆదివాసుల్లో ఎలా నడిచిందో వెతికాం. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దొరికింది.

చింబొరాజో అనేది 6,263 మీటర్ల మంచుకొండ. దాని చుట్టూ ఉన్న ప్రాంతానికీ అదే పేరు. అక్కడి ఆదివాసులది కిచువా భాష. స్పెయిన్ వాళ్లు వచ్చాక భూమంతా హసియెండాలనే పెద్ద ఎస్టేట్ల కిందకి పోయింది. ఒక కుటుంబానికి చిన్న చెక్క నేల ఇచ్చి, దానికి బదులు వారంలో ఎక్కువ రోజులు దొర పొలంలో ఊరికేనో, పేరుకి ఇచ్చే కూలికో చేయించుకునేవాళ్లు. దీన్ని వసిపుంగో అనేవాళ్లు. మన పెద్దోళ్లు చెప్పే వెట్టి లాంటిదే. 1964 భూసంస్కరణ చట్టం దాకా అది నడిచింది. చదవడం రాయడం రానివాళ్లకి ఓటు కూడా లేదు, 1979 రాజ్యాంగం వచ్చేదాకా. చర్చికి కూడా సొంత హసియెండాలు ఉండేవి. అంటే దేవుడి మాట చెప్పేవాళ్లే దొరలు కూడా.

ఈ దేశంలో మిషన్ రేడియో 1931 డిసెంబర్ 25న మొదలైంది. క్లారెన్స్ జోన్స్, రూబెన్ లార్సన్ అనే అమెరికన్ ప్రొటెస్టెంట్ మిషనరీలు రాజధాని కీటోలో చిన్న ట్రాన్స్‌మిటర్‌తో హెచ్‌సీజేబీ స్టేషన్ పెట్టారు. అప్పటికి ఆ దేశంలో రేడియో సెట్లే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వినేవాళ్లు లేకుండా స్టేషన్ ఏమిటని మాకూ నవ్వొచ్చింది. కానీ అది పెరిగి ప్రపంచానికంతా షార్ట్‌వేవ్ పంపేదైంది, కిచువాలోనూ మాట్లాడింది. కీటో చాలా ఎత్తు, గాలి పలచన. యాంటెనా కొసల్లో మెరుపులొచ్చి లోహం కరిగిపోయేదట. దానికి క్లారెన్స్ మూర్ అనే వాళ్ల ఇంజినీరు కొసలే లేని చదరపు యాంటెనా చేశాడు. ఇప్పటికీ హామ్ రేడియో వాళ్లు దాన్ని వాడతారు. (మాలో ఫిజిక్స్ వాళ్లు దీని మీదే అరగంట మాట్లాడారు.) 1955లో ఆ మిషన్ కీటోలో ఆసుపత్రి కూడా తెరిచింది.

మమ్మల్ని పట్టుకున్నది మాత్రం ఇంకో రేడియో. రియోబాంబాకి 1954లో లియోనిదాస్ ప్రొఆన్యో అనే క్యాథలిక్ బిషప్ వచ్చాడు. పేదింటి బిడ్డ. 1962లో ఈఆర్‌పీఈ అని రేడియో బడులు పెట్టాడు. కొలంబియాలో సుతతెంజా రేడియో 1947 నుంచి ఇలాంటి పని చేస్తోంది, దాన్ని చూసి పెట్టినదే. పని ఇలా జరిగేది. పంతులు రియోబాంబా స్టూడియోలో ఉంటాడు. ఊళ్లో ఒక రేడియో, ఒక నల్లబల్ల, ఒక దీపం. అక్షరాలు కాస్త వచ్చిన ఆ ఊరి యువకుడో, అమ్మాయో బల్ల దగ్గర నిలబడేది. పొలం పని అయ్యాక పెద్దవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. రేడియోలో పంతులు అక్షరం పలికితే, బల్ల దగ్గర ఉన్నవాళ్లు దాన్ని రాసి చూపించేవాళ్లు. కిచువాలోనూ, స్పానిష్‌లోనూ. ఇలా సుమారు 20,000 మంది చదవడం నేర్చుకున్నారని చెప్తారు. అక్షరం వస్తే ఓటు వచ్చే దేశంలో అది చిన్న సంగతి కాదు.

ప్రొఆన్యో అక్కడితో ఆగలేదు. చర్చి భూముల్ని ఆదివాసులకి పంచడం మొదలుపెట్టాడు. దొరలకి కోపం వచ్చింది, సొంత చర్చిలో కొందరికీ వచ్చింది. 1976 ఆగస్టులో రియోబాంబాలో కూర్చున్న బిషప్పులందర్నీ సైనిక ప్రభుత్వం అరెస్టు చేసింది, ఆయనతో సహా. అంతకుముందు 1972లో, అదే చింబొరాజోలో టెపెయాక్ అనేచోట, ఎక్వారునారి అనే ఆదివాసీ సంఘం పుట్టింది. ఈక్వడార్ ఆదివాసులు మేల్కోవడం అని ఆ పేరుకి కిచువాలో అర్థం. 1990 జూన్‌లో దేశమంతా రోడ్లు ఆపిన తిరుగుబాటులో ఆ సంఘం ఉంది.

అదే జిల్లాలో కోల్తా సరస్సు దగ్గర కథ వేరే. అక్కడ ప్రొటెస్టెంట్ మిషన్ 1900ల మొదట్లోనే వచ్చినా, అరవై ఏళ్లు దాదాపు ఎవరూ చేరలేదు. 1960ల్లో వసిపుంగో కూలిపోతున్నప్పుడు, క్లినిక్, బడి, కిచువా రేడియో ఉన్నప్పుడు వేలమంది చేరారు. చేరినవాళ్లు తాగుడు మానేశారు. పండగ మొక్కులకి పట్నం షావుకార్ల దగ్గర చేసే అప్పులూ ఆగాయి. ఆ షావుకార్లు వాళ్ల మీద పగబట్టారు, ఎందుకో చెప్పక్కర్లేదు. కానీ పాత పండగలూ, ఆటలూ అక్కడే ఆగాయి. కిచువా భాష మాత్రం ఆగలేదు. ఆ భజనలు కిచువాలోనే, వాళ్ల బాణీల్లోనే కట్టుకున్నారు.

అంటే మా రూమ్‌లో వాదించిన ఇద్దరూ సగం సగం కరెక్టే. అయితే మాకు తోచింది ఒకటుంది. సర్కారు ఒక్క మాటా వాళ్ల భాషలో చెప్పని రోజుల్లో, డబ్బాలోంచి సొంత భాష వినపడితే ఎవరైనా చెవి పెడతారు. ఆ భాషలో మొదట మాట్లాడినవాడు ఎవడైతే, ఊరు వాడి వైపు నడిచింది. మొదట్లో మైకు బయటివాళ్లదే. తర్వాత కిచువా వాళ్లే మైకు దగ్గర కూర్చున్నారు, సంఘాలూ పెట్టుకున్నారు.

మన వైపు కూడా 1970 నుంచి 2003 దాకా సీషెల్స్ దీవుల నుంచి ఫీబా అనే క్రైస్తవ రేడియో షార్ట్‌వేవ్‌లో వచ్చేది, తెలుగులో కూడా. మా రూమ్‌మేట్ తాతకి ఆ గొంతులు గుర్తున్నాయట, బ్యాటరీలు ఎండలో పెట్టి మరీ వినేవాడట. కువి, సవర, కోయ, గోండిలో మీ ఇళ్లలో ఎవరైనా ఏ రేడియో అయినా, క్యాసెట్ అయినా విన్నారా? తాతల్నీ, అవ్వల్నీ అడిగి, ఏ ఏడు, ఏ ఊరు, అందులో ఎవరు మాట్లాడేవాళ్లు అని కింద రాయండి. క్యాసెట్ ఇంకా ఉంటే పారేయొద్దు, సెలవులకి వచ్చినప్పుడు ఫోన్‌లోకి ఎక్కిద్దాం.