ట్రెంటన్ ఆస్పత్రి

1841 మార్చిలో మసాచుసెట్స్‌లోని ఈస్ట్ కేంబ్రిడ్జ్ జైల్లో ఆడ ఖైదీలకు బైబిలు పాఠం చెప్పడానికి వెళ్ళిన డరోథియా డిక్స్ అనే పంతులమ్మకు, మతి చలించడం తప్ప మరే నేరమూ లేనివాళ్ళు చలిగదుల్లో వణుకుతూ కనిపించారు. పొయ్యి ఎందుకు వెయ్యరంటే, వాళ్ళకు చలి తెలియదన్నారట! అది చదివితే వైద్యుణ్ణైన నాకు తల కొట్టేసినట్టవుతుంది. ఆవిడ రాష్ట్రమంతా తిరిగి, ఏ ఊళ్ళో ఎవరిని గొలుసులతో కట్టారో, బోనుల్లో పెట్టారో రాసి 1843లో శాసనసభ ముందుంచింది. వూస్టర్ ఆస్పత్రిని పెంచారు. 1848లో న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో ఆస్పత్రి తెరిచిందీ ఆవిడ పట్టుదల వల్లే. 1887లో అక్కడే కన్నుమూసింది.

1907లో ఆ ఆస్పత్రికే అధిపతిగా వచ్చిన హెన్రీ కాటన్, పిచ్చికి మూలం ఒంట్లో దాగిన చీమేనని నమ్మి రోగుల పళ్ళు పీకించాడు, పేగులు కోయించాడు. 1920లలో గ్రీనేకర్ అనే డాక్టరమ్మ ఆ చావులు లెక్కగట్టి నివేదిక రాసింది. దాన్ని బయటకు రానివ్వలేదు.