పెన్సిల్ గీతలో కరెంటు

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ఐరన్‌వుడ్ అనే గనుల ఊరు. అక్కడి హైస్కూల్లో రెనాల్డ్ జాన్సన్ సైన్సు మాస్టారు. చిన్నప్పుడు ఆయన అక్కల కోసం కుర్రాళ్ళు కార్లేసుకుని ఇంటికొస్తే, చాటుగా వెళ్ళి స్పార్క్ ప్లగ్గుల మీద పెన్సిల్‌తో గీసొచ్చేవాడట. పెన్సిల్ గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది. నిప్పురవ్వ ఇంజన్లో పుట్టాల్సింది కాస్తా ఆ గీత వెంట జారిపోయేది. కారు కదిలేది కాదు. పెద్దయి, పరీక్ష పేపర్లు దిద్దే యంత్రం కోసం తంటాలు పడుతున్నప్పుడు ఆ అల్లరే అక్కరకొచ్చింది. పిల్లవాడు పెన్సిల్‌తో నింపిన చోట కరెంటు పారుతుంది, ఖాళీ చోట పారదు. పారిన చోట్లు లెక్కపెడితే అవే మార్కులు. 1934లో ఐబీఎం కంపెనీ ఆ ఊహను కొని, ఆయన్నీ ఉద్యోగంలోకి తీసుకుంది. 1938లో ‘ఐబీఎం 805’ పేరుతో యంత్రం బజారులోకొచ్చింది. (1956లో కంప్యూటర్ హార్డ్ డిస్కును తొలిసారి తయారుచేసిన బృందానికి పెద్ద కూడా ఈయనే.)

యంత్రం కన్నా ముందే ప్రశ్న మారింది. 1912లో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లిషు జవాబు పత్రాన్ని వందమందికి పైగా టీచర్లకు పంపి దిద్దమన్నారు. అదే పత్రానికి ఒకరు 64 వేస్తే ఇంకొకరు 98 వేశారు. దిద్దేవాడి చేతిలోంచి మార్కును ఎలా తప్పించాలి? కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ 1914 ప్రాంతంలో ఒక దారి చూపాడు. ఆవు, పులి, ఎలుక, తోడేలు అని రాసి, వీటిలో సేద్యానికి పనికొచ్చేదాని చుట్టూ గీత గీయమన్నాడు. మన బిట్ పేపర్‌కు మూలపురుషుడు ఆ ఆవే. పరీక్షకిచ్చిన సమయం ఐదు నిమిషాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఈ పద్ధతిలోనే లక్షలాది సిపాయిలను జల్లెడ పట్టింది. ఆ పనిలో ఉన్న కార్ల్ బ్రిగమ్ 1926లో కాలేజీ ప్రవేశాలకు శాట్ తయారుచేశాడు. జాతుల తెలివిని ఇలాంటి పరీక్షలతో కొలవచ్చని 1923లో పుస్తకం రాసిన మనిషే, 1930లో ఆ మాట తప్పని అచ్చులో ఒప్పుకున్నాడు. పరీక్ష మాత్రం ఆగలేదు.

నా లెక్కలో ఈ కథలో ప్రతి మలుపూ దిద్దేవాడి ఇబ్బంది తీర్చడానికి వచ్చిందే. రాసేవాడి ఇబ్బంది ఎప్పుడూ తర్వాతి సంగతి.

మన దగ్గరా అంతే. 1961లో ఐఐటీల ఉమ్మడి ప్రవేశ పరీక్షలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీలతో పాటు ఇంగ్లిషు పేపరూ ఉండేది. అంచెలంచెలుగా లెక్క చేసి చూపించాలి. రాసేవాళ్ళు లక్షలకు చేరేసరికి దిద్దడం కష్టమై, 2006లో పూర్తిగా ఆబ్జెక్టివ్ అయింది. ఇప్పుడు దానికి తొలి మెట్టయిన జేఈఈ మెయిన్ 2019 నుంచి రోజులపాటు, షిఫ్టుల వారీగా నడుస్తోంది. ఒక షిఫ్టు పేపరు తేలిక, ఇంకోటి కష్టం. అందుకని మార్కుల బదులు పర్సంటైల్ వచ్చింది. అదే షిఫ్టులో నీతో సమానంగానో తక్కువగానో తెచ్చుకున్నవాళ్ళు నూటికి ఎందరన్నదే అందులో లెక్క, అదీ దశాంశ బిందువు తర్వాత ఏడు స్థానాల దాకా.

నెగెటివ్ మార్కులంటే పిల్లలకు హడల్. నిజానికి జేఈఈ మెయిన్‌లో నాలుగు ఆప్షన్ల బిట్టుకు ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. కళ్ళు మూసుకుని నాలుగు బిట్లు పెడితే సగటున ఒకటి ఒప్పవుతుంది, మూడు తప్పవుతాయి. అప్పటికీ ఒక మార్కు మిగులుతుంది. తెలుగు రాష్ట్రాల ఎంసెట్‌లో (ఇప్పుడది ఈఏపీసెట్) అసలు కోతే లేదు, 160లో ఒక్కటి వదిలినా నష్టమే.

ఇప్పుడు రాసేవాడి ఇబ్బంది చూడటానికి ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే ఊరు బిలాస్‌పూర్‌కు వద్దాం. 1931లో విజయనగరం–రాయపూర్ రైలు మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ రాకపోకలు తేలికయ్యాయి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు ఇళ్ళు తరాలుగా ఉన్నాయి. కలచురుల పాత రాజధాని రతన్‌పూర్ అక్కడికి పాతిక కిలోమీటర్లు. రతన్‌పూర్‌లో హిందీ మీడియం చదివిన పిల్లకు మెడికల్ సీట్ల పరీక్ష నీట్ పేపరు తన భాషలో దొరుకుతుంది. కాలనీలో తెలుగు మాట్లాడే పిల్లాడికి దొరకదు, తెలుగు పేపరు ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు. వాడు చదివింది ఎలాగూ ఇంగ్లిషులోనో హిందీలోనో కాబట్టి అది పెద్ద బాధ కాదు. అసలు చిక్కు ర్యాంకు వచ్చాక మొదలవుతుంది.

అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. బిలాస్‌పూర్ మధ్యప్రదేశ్‌లో ఉన్నన్నాళ్ళూ డాక్టరు సీటుకు అక్కడి ప్రీ మెడికల్ టెస్టే దిక్కు. 1970లో దానికోసం ఒక బోర్డు పెట్టి, 1982లో ఇంజనీరింగు బోర్డుతో కలిపారు. అదే వ్యాపం. 2013లో దాని కుంభకోణం బయటపడేనాటికి బిలాస్‌పూర్ ఛత్తీస్‌గఢ్‌లోకి వచ్చేసింది. రోల్ నంబర్లు మార్చి, బాగా రాసేవాడి పక్కన డబ్బిచ్చినవాణ్ణి కూర్చోబెట్టే పద్ధతికి ఆ మోసగాళ్ళు పెట్టుకున్న పేరు ‘ఇంజన్–బోగీ’. రైల్వే ఊళ్ళో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేని పేరు.

రాష్ట్ర పరీక్షకు తోడు, సుప్రీంకోర్టు ఆదేశంతో ప్రభుత్వ కాలేజీల ఎంబీబీఎస్ సీట్లలో 15 శాతం దేశమంతటికీ తెరిచి, 1980ల చివర్లో అఖిల భారత పరీక్ష పెట్టారు. స్థానికుల సీట్లకు రక్షణగా ఉన్న రాజ్యాంగ 371-డి అధికరణం కారణంగా ఆంధ్రప్రదేశ్ అందులో చేరలేదు. దాంతో బిలాస్‌పూర్ తెలుగు పిల్లాడు ర్యాంకు తెచ్చుకుని పుణెకో మద్రాసుకో వెళ్ళగలిగేవాడు గానీ, ఆ దారిన విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీకి వెళ్ళలేకపోయేవాడు. నీట్ స్థిరపడ్డాక తెలుగు రాష్ట్రాలు ఆ కోటాలో కలిశాయి. ఆ తలుపు తెరుచుకుంది.

ఆంధ్రలో ఇంజనీరింగుకు వేరే లెక్క. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు లోకల్. మిగిలిన 15 శాతానికి బయట పెరిగినవాళ్ళు రావాలంటే తల్లిదండ్రుల్లో ఒకరు, బయట ఉద్యోగం చేసిన కాలం తీసేయగా, మొత్తం పదేళ్ళు రాష్ట్రంలో నివసించి ఉండాలి. కాలనీలోనే పుట్టి పెరిగి, పద్దెనిమిదేళ్ళకే రైల్వేలో చేరి ఊరూరా తిరిగిన తండ్రికి ఆ పదేళ్ళు పోగుచేసి చూపడం తలనొప్పి. తల్లిది పార్వతీపురమో బొబ్బిలో అయి, పెళ్ళయ్యేదాకా పుట్టింట్లోనే ఉండుంటే లెక్క తేలిక. అప్పుడు పిల్లాడి ర్యాంకు కార్డుకు తోడుగా కౌన్సెలింగుకు వెళ్ళేది అమ్మ పుట్టినూరి తహశీల్దారు ఇచ్చిన నివాస ధ్రువపత్రం.