చింతపండు వదులుకున్న ఊళ్లు

శివరాత్రి వెళ్లాక తెలుగు పల్లెల్లో చింతకాయ దులిపే పని ఊపందుకుంటుంది. ఒకరు చెట్టెక్కి కొమ్మలు కుదుపుతారు. ఇంకొకరు కింద నిలబడి పొడుగాటి గడతో కొడతారు. రాలిన కాయ ఏరి, పెంకు ఒలిచి, గింజ తీసి, ఇంటికి ఏడాదికి సరిపడా ఎత్తిపెట్టుకుని మిగిలింది సంతకు పంపుతారు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో మాత్రం కొన్ని చెట్ల జోలికి ఆ రోజుల్లో ఎవరూ పోరు. గడ తగిలితే కాయతో పాటు పెలికాన్ పిల్ల కూడా రాలుతుంది.

ఈ ఊళ్లోకి పక్షులు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దిగుతాయి. గూడబాతులని మన పుస్తకాలు చెప్పే పెలికాన్లు, వాటితో పాటు తోక దగ్గర గులాబీ ఈకలుండే పెయింటెడ్ స్టార్క్ కొంగలు. చేపల వేట నౌపడా ఉప్పుమడుల చుట్టూ ఉన్న తంపర భూముల్లో. కాపురం మాత్రం ఇళ్ల మధ్య చింతచెట్ల మీద. పొదగడానికి నెల పడుతుంది. పుట్టిన పిల్ల రెక్కలొచ్చి ఎగరడానికి మరో మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. సరిగ్గా కాయ పండి దులపాల్సిన వేళకు కొమ్మల నిండా ఎగరలేని పిల్లలుంటాయి. చెట్టుకూ పక్షికీ కుదిరిన ఈ కాలం మనిషికి కుదరలేదు. అయినా సర్దుకున్నది మనిషే.

గూళ్ల కింద కాపురం అంత సుఖమైనదేమీ కాదు. రెట్ట పడి పెంకులు తెల్లబారతాయి. గూట్లోంచి జారిన చేప వాకిట్లో కుళ్లి వాసన కొడుతుంది. ఆరేసిన బట్టలకు పూచీ లేదు. ఇక పిల్లల గోల సరేసరి. ఇంత భరిస్తూ కూడా ఊరివాళ్లు వీటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులని చెప్పుకుంటారు. పక్షి వస్తే పంట బాగుంటుందన్న నమ్మకం ఒకటి. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లు, ఆ నమ్మకం లేని ఊళ్లలో ఎన్ని గూళ్లు మిగిలాయో ఒకసారి చూసి రావాలి.

ప్రకృతిని కాపాడటానికి జనం సొంత సొమ్ము పెట్టడమంటే ఇవాళ మనకు తట్టేది విరాళాల పుస్తకం, ఆన్‌లైన్ చందా, దాత పేరు రాసిన బోర్డు. పక్షుల ఊళ్లు పెట్టిన ఖర్చు అలా కనబడదు. మంచి కాపు మీదున్న పెద్ద చింతచెట్టు ఏటా ఒకటిన్నర నుంచి రెండు క్వింటాళ్ల కాయ ఇస్తుంది. అందులో ఎంత వదులుకున్నారో, ఎన్నేళ్లు వదులుకున్నారో ఏ చిట్టాలోనూ ఎక్కలేదు. రొక్కంతో సాగిన ఊళ్లూ ఉన్నాయి. రాజస్థాన్‌లో ఫలోదీ దగ్గరి ఖీచన్‌లో శీతాకాలమంతా వేల కుర్జా కొంగలకు గింజలు చల్లుతారు. 1970లలో ఒక కుటుంబం గుప్పెడు గింజలతో మొదలుపెట్టిన పని అది. ఊరి వ్యాపారులు, ఎక్కువగా జైనులు, విరాళాలిచ్చి కంచె కట్టిన మేతస్థలం దాకా తెచ్చారు. 2025 జూన్‌లో ఆ ఊరి చిత్తడి నేల రామ్‌సర్ జాబితాకెక్కింది. అక్కడ దానానికి రసీదులుంటాయి. దక్షిణాదిలో ఖర్చంతా కొమ్మ మీదే ఉండిపోయింది.

రసీదు లేకపోయినా పాత కాగితం ఒకటుంది. చెంగల్పట్టు జిల్లా వేడంతాంగల్ చెరువు మీద వాలే కొంగల్ని ఆంగ్లేయ సిపాయిలు తుపాకులతో కొడుతుంటే ఊరి రైతులు కలెక్టరు దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నారు. 1798లో లయొనెల్ ప్లేస్ అనే ఆ కలెక్టరు వేట కూడదని ఊరికి కౌలు రాసిచ్చాడు. 1858లో దాన్ని మళ్లీ ఖాయం చేయించుకున్నారు. రైతుల వాదన చాలా సూటిగా ఉంది. చెట్ల మీది రెట్ట చెరువులో కలుస్తుంది, ఆ నీరు మడికి పారితే వేరే ఎరువు అక్కర్లేదు. జాలి, పుణ్యం మాట ఎలా ఉన్నా వరి లెక్క మాత్రం గట్టిది. అభయారణ్యం అనే ఆలోచన దొరల దగ్గర్నుంచి దిగుమతి అయిందనుకునేవాళ్లు ఈ తేదీ గుర్తుంచుకోవాలి. అమెరికాలో ఎల్లోస్టోన్ జాతీయ పార్కు ఏర్పడింది 1872లో.

తెలుగు నేల సంగతి కొంత దొరల పుస్తకాల్లోనే దొరుకుతుంది. థామస్ జెర్డన్ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన వైద్యుడు. మన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. 1864లో వెలువడిన తన పక్షుల గ్రంథం మూడో సంపుటంలో కర్ణాటిక్ ప్రాంతంలోని ఒక పెలికాన్ల ఊరి గురించి రాశాడు. ఊరి నడుమ పొట్టి చెట్ల మీద గూళ్లున్నాయనీ, తరతరాలుగా అక్కడే కడుతున్నాయని ఊరివాళ్లు చెప్పారనీ, పక్కనే తిరిగే మనుషుల్ని అవి లెక్కచేయలేదనీ ఆయన చూసిన సంగతి. 1900ల తొలి ఏళ్లలో కడప జిల్లాలోని ఒక పల్లెలో మరో ప్రకృతి పరిశీలకుడు ఇలాంటి గూళ్లనే చూశాడు. ఆ తర్వాత ఆ పల్లె ఊసు పక్షుల పత్రికల్లో లేదు.

ఇదే జాతి పెలికాన్లు ఒకప్పుడు బర్మాలో సిట్టాంగ్ నది మైదానంలోని అడవిలో లక్షల్లో ఉండేవి. 1877లో యూజీన్ ఓట్స్ వాటిని వర్ణించాడు. ఇరవయ్యో శతాబ్దం సగమయ్యేసరికి ఆ మహా కాలనీ లేదు. అంత పెద్ద అడవిలో నిలవలేకపోయినవి ఇక్కడ ఇళ్ల మీద, పశువుల పాకల మీద వాలిన కొమ్మల్లో నిలిచాయి.

మన నేల మీద కడప పల్లె కబురు తర్వాత నలభై ఏళ్లు మౌనమే. చివరికి 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో కొల్లేటి పెలికాన్ల కాలనీని కనిపెట్టాడు. దేశంలో ఈ పక్షి ఎక్కడ గుడ్లు పెడుతుందో శాస్త్రజ్ఞులకు ఆచూకీ లేని కాలమది. ‘కనిపెట్టాడు’ అంటే ఆరేడు రైతులు నవ్వుకుని ఉంటారు. రోజూ తల మీద రెట్ట వేసే పక్షిని కొత్తగా కనిపెట్టేదేముంది? దాదాపు 3,000 గూళ్లని లెక్క. నీలకంఠన్ తర్వాతి కాలంలో ఇందుచూడన్ అన్న కలంపేరుతో మలయాళంలో పక్షుల మీద రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆరేడుకు ఆ భాగ్యం పట్టలేదు. 1970లలో వెళ్లి చూసినవారికి అక్కడ కాలనీ లేదు. తర్వాతి దశాబ్దాల్లో కొల్లేరే చేపల చెరువులుగా ముక్కలైంది. 2006లో గట్లు పగలగొట్టే ఆపరేషన్ దాకా కథ నడిచింది. ఇప్పుడు కైకలూరు దగ్గరి ఆటపాకలో కృత్రిమ స్టాండ్ల మీద పెలికాన్లు మళ్లీ గూళ్లు కడుతున్నాయి. సంతోషమే. కానీ చెట్టు చేసే పని ఇనుముతో చేయించడానికి సర్కారు సొమ్ము ఖర్చయింది. ఆరేడులో అదే పని ఊరు ఉచితంగా చేసింది.

ఊరి ఖర్చును కొంతైనా లెక్కలోకి తెచ్చింది కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరు. శింషా నది ఒడ్డున ఉండే ఈ ఊరు 1916 ప్రాంతంలో ప్లేగు తగిలి తరలిపోతే పక్షులు కూడా వెంట వచ్చాయని అక్కడి పెద్దలు చెబుతారు. చెట్టు కింద గొయ్యి తీసి, చెరువు మట్టి నింపి, రాలిన రెట్టతో కలిపి పొలానికి తోలుకోవడం అక్కడి పద్ధతి. చింతపండు నష్టంలో కొంత ఇలా పూడేది. రసాయన ఎరువు బస్తా ఇంటి ముందుకొచ్చాక ఆ గొయ్యికి విలువ తగ్గింది. చింతపండు ధర పెరిగింది. చెట్టు కొట్టి అమ్మితే ఒకేసారి చేతికి డబ్బు. అడవి జంతువుల్ని అడవిలో కాపాడే చట్టం ఇంటి పెరట్లో చెట్టు దగ్గర ఏం చేయగలదు? కర్ణాటక అటవీ శాఖ గూళ్లున్న చెట్ల సొంతదారులకు ఏటా కొంత సొమ్ము ఇస్తూ వచ్చింది. కాయ అమ్మితే వచ్చేదానికి అది సరిపోదని ఊరివాళ్ల ఫిర్యాదు. 1990లలో ఊరి కుర్రాళ్లు ‘హెజ్జార్లె బళగ’ పేరుతో ఒక జట్టు కట్టారు. గూడు నుంచి పడిన పిల్లల్ని దడి కట్టిన దొడ్డిలో ఉంచి, చేపలు పెట్టి పెంచి వదలడం వీళ్ల పని. చేపలు కొనాలి, కుక్కల్ని కాయాలి. తల్లి తెచ్చినట్టే పూటపూటకూ అందించాలి. 2007లో ఆ ఊరు కమ్యూనిటీ రిజర్వు అయింది.

మన దగ్గర ఈ కథ ఊరికో తీరుగా నడిచింది. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో నీటి కడప చెట్ల చెరువును 1976లో అభయారణ్యం చేశారు. 458 హెక్టార్లకు పైగా విస్తీర్ణం. బాధ్యత ప్రభుత్వానిది, ఊరికి మిగిలింది రెట్ట కలిసిన నీళ్లు. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువే పక్షులకు అప్పగించారు. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి తొలకరితో ఓపెన్‌బిల్ కొంగలొస్తాయి. నత్తలు వాటికి తిండి, కాబట్టి వరి రైతుకు పేచీ లేదు. చిలమత్తూరు దగ్గరి వీరాపురంలో పెయింటెడ్ స్టార్క్‌లకోసం ఊరు చింతకాయనే కాదు, టపాకాయల చప్పుడు కూడా వదులుకుంది. అనంతపురం సీమ చెరువులు ఎండిన ఏళ్లలో అక్కడ రాక పలచబడింది. ఊరు ఎంత కాచుకున్నా చెరువులో చేప లేకపోతే పక్షి ఎందుకు దిగుతుంది?

ఈ పక్షులన్నీ సైబీరియా నుంచి వస్తాయని ఏటా పత్రికల్లో చదువుతుంటాం. బోర్డుల మీదా అదే రాత. పెలికాన్, పెయింటెడ్ స్టార్క్, ఓపెన్‌బిల్ మూడూ ఈ ఉపఖండంలో పుట్టి పెరిగేవే. నీరు, చేప ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి. వేల మైళ్ల అతిథి అంటే గొప్పగా వినబడుతుంది గానీ దానివల్ల ఒక నష్టముంది. పుట్టిన ఊరే ఇదైతే ఇక్కడి చింతచెట్టు పోయాక వాటికి వెనక్కి వెళ్లడానికి సైబీరియా ఉండదు.

చెట్లు పోతున్నాయి కూడా. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ సిక్కోలు తీరాన్ని కుమ్మేశాయి. రెండూ గూళ్లు కట్టే నెలలోనే. ఉద్దానం కొబ్బరితో పాటు ఊళ్లలోని పెద్ద చెట్లెన్నో కూలాయి. 2022 తొలి వారాల్లో తేలినీలాపురంలో వందకు పైగా పెలికాన్లు చనిపోయాయి. చేపలతో పాటు కడుపులోకి చేరే నులిపురుగు కారణమని తేలింది. కొక్కరెబెళ్లూరులోనూ 2017 చివర్లో ఇదే జబ్బు. ఊరు చెట్టుకు కాపలా ఉండగలదు, దూరాన ఉన్న చేపల చెరువు నీటికి ఉండలేదు. ఆ పని పశుసంవర్ధక, మత్స్య, అటవీ శాఖలది.

పెంకుటిళ్లు పోయి డాబాలు లేస్తున్నాయి. పెరడు చిన్నదైంది. చింత మొక్క నాటితే కాపుకు వచ్చేసరికి ఎనిమిది, పదేళ్లు. పెలికాన్ గూడు మోసే కొమ్మ కావాలంటే ఇంకా చాలా ఏళ్లు. ఇవాళ నాటనిది మనవళ్ల కాలానికి ఉండదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో తెచ్చిన సవరణ ప్రజల సొంత భూమిలో, వాళ్ల ఇష్టంతో కమ్యూనిటీ రిజర్వు ఏర్పాటుకు వీలిచ్చింది. పంచాయతీ ఎంపిక చేసే సభ్యులే కమిటీలో ఎక్కువమంది. తేలినీలాపురం, తేలుకుంచి, వీరాపురం లాంటి ఊళ్లకు ఈ దారి బాగా సరిపోతుంది. అయితే కాగితం ఒక్కటే చాలదు. గూడున్న ప్రతి చెట్టుకూ ఆ ఏటి చింతపండు ధర లెక్కగట్టి, కాయ దులిపే నెలలోనే, పంచాయతీ ద్వారా సొంతదారు చేతిలో పెట్టాలి. చూడటానికి వెళ్లేవాళ్లు నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. చెట్ల కింద కేకలు వద్దు, డ్రోన్లు వద్దు. ఏదైనా ఇవ్వాలనిపిస్తే ఊరికి చింత మొక్కలు ఇవ్వండి, వాటికి కంచె ఖర్చుతో సహా.