గుఱికాండ్ర గోష్ఠి



ఎడ్లపందెమునకు జతలను తోలుకొనివచ్చిన రైతులు సాయంకాలము చెట్టుక్రింద కూర్చుండి మాటలాడుకొనుట మీరు వినియే యుందురు. "మీ వలపటిగిత్త పందెమునకు గాదు, పెండ్లిబండికి తగును" అని యొకడు వెక్కిరించును. "మీ దాపటిది నడచుచునే నిద్రించును" అని వేఱొకడు బదులు చెప్పును. నవ్వులు ముగిసిన పిదప ఆ వెక్కిరించినవాడే దగ్గరకు వచ్చి, "నాడా సడలినది, తెల్లవారకముందే మార్పింపుము" అని హితము చెప్పును. రేపు తన జతతో పోటీపడు జతకు ఇట్టి మేలు చేయుట వింత. అయినను ఒకే విద్యపై మక్కువగలవారిలో ఈ వింత తఱచుగా కనబడును. నేడు నేను చెప్పబోవు చరిత్ర అట్టి గోష్ఠికి సంబంధించినదే. అయితే అందలి వస్తువు ఎద్దు గాదు, తుపాకి.

నేను బడిలో వ్యాకరణము చెప్పి జీవితము గడపినవాడను. తుపాకి పట్టి యెఱుగను. కాని సామాన్యగృహస్థులు వినోదమునకై చేసిన వాదములలోనుండి సైన్యములు మోయు ఆయుధము పుట్టిన తీరు చరిత్ర చదువువాడు ఎఱుగదగినదని తోచి ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

మొదట రైఫిలనగా నేమో చెప్పవలెను. పాతకాలపు తుపాకిగొట్టము లోపల నునుపుగా నుండెడిది. అందుండి వెడలిన గుండు గాలిలో ఇటునటు తొలగుచు పోయెడిది. గొట్టము లోపల మెలికలుగా గాడులు తొలిచినచో గుండు ఆ గాడుల వెంట తిరుగుచు బయలువెడలును. తిరుగుచున్న బొంగరము పడక నిలుచునట్లు, తిరుగుచున్న గుండు తన దారి తప్పక పోవును. ఇదియే రైఫిలులోని కీలకము. గాడులెన్ని యుండవలెను, ఎంత లోతుండవలెను, మెలిక ఎంత బిగువుగా నుండవలెను అనునవే ఆ విద్యయందు వివాదాంశములు.

1859లో ఫ్రెంచివారు దండెత్తివత్తురేమో యను భయము ఇంగ్లండులో వ్యాపించెను. గుమాస్తాలు, వకీళ్లు, వర్తకులు, భూస్వాములు స్వచ్ఛందసైనికులుగా చేరి తుపాకి నేర్వసాగిరి. ఆ సంవత్సరముననే అచ్చట జాతీయ రైఫిల్ సంఘము ఏర్పడెను. 1860 జూలై 2వ తేదిన లండను చెంతనున్న వింబుల్డను మైదానమున తొలి పోటీ జరిగెను. విక్టోరియా రాణి ఒక చట్రమునకు బిగించిన రైఫిలును పేల్చి ఆరంభోత్సవము చేసెను. ఆ గుండు 400 గజముల దూరమున లక్ష్యపు నడిబొడ్డున తగిలెను. దండయాత్ర రాలేదు, భయము చల్లారెను, కాని గుఱికాండ్ర మక్కువ చల్లారలేదు. ఏటేట డేరాలు వెలయుచుండెను, వాదములు పెరుగుచుండెను.

ఆ వాదములలో పెద్దది తుపాకిని ముందునుండి కూరవలెనా, వెనుకనుండి నింపవలెనా యనునది. గొట్టపు మూతినుండి మందు పోసి, గుండును కడ్డితో మెల్లగా దిగద్రోసినచో అది చక్కగా కుదురుకొనును, గుఱి తప్పదు అని పూర్వాచారపరులు వాదించిరి. గొట్టపు మొదట తలుపు తెరచి తూటా పెట్టినచో పని త్వరగా తెములును, శ్రద్ధతో చేసినచో గుఱికిని లోటుండదు అని నవీనులు వాదించిరి. శాస్త్రులలో ప్రాచీనమతము, నవ్యమతము అని రెండు పక్షములుండునట్లే తుపాకివారిలోను రెండు పక్షములేర్పడెను.

అమెరికాలో 1871లో కొందఱు న్యూయార్కునగరమున అట్టి సంఘమునే స్థాపించిరి. వింబుల్డనులోని నియమములను, లక్ష్యములను మాదిరిగా గైకొని, లాంగ్ ఐలండు ద్వీపమున క్రీడ్‌మూరనుచోట 1873లో మైదానము తెరచిరి. ఆ సంవత్సరమే ఐర్లండు జట్టు వింబుల్డనులో ఎల్కో డాలును గెలిచియుండెను. ఆ జట్టు నాయకుడగు మేజరు లీచి, అమెరికావారిని పోటీకి రండని ఒక న్యూయార్కు పత్రికలో ప్రకటించెను. క్రొత్తగా పుట్టిన ఔత్సాహికుల సంఘమొకటి ఆ పిలుపు నందుకొనెను. అంతటి దూరమున గుఱిచూచు తుపాకులు వారికి లేవు. అందుచే రెమింగ్టను, షార్ప్స్ అను రెండు కర్మాగారములవారు వెనుకనుండి నింపు రైఫిలులను ప్రత్యేకముగా చేసి యిచ్చిరి. ఐర్లండువారు తెచ్చినవి డబ్లినునగరపు రిగ్బీ చేసిన ముందునుండి కూరు తుపాకులు. ఆ రిగ్బీ స్వయముగా జట్టులో నొకడు.

1874 సెప్టెంబరు 26వ తేదిన పోటీ జరిగెను. జట్టునకు ఆర్గురు. 800, 900, 1000 గజముల దూరమునుండి ఒక్కొక్కరు ఒక్కొక్క దూరమున 15 గుండ్లు కాల్చవలెను. 1000 గజములన మన పావుక్రోసు కంటె హెచ్చు. లక్ష్యపు నడిమిభాగము రెండు మూరల చదరము. దానికి తగిలిన 4 గుణములు. ఆ దూరమున అది కంటికి నువ్వుగింజ వలె కనబడును. జెండాలు చూచి గాలిని లెక్కించి, ఎండలో కదలాడు ఆవిరిని గమనించి, గుఱిచూచు పలకను వెండ్రుకవాసి మార్చుకొనవలెను. వెల్లకిల పండుకొని, కాలిపై కాలు వేసి, కాళ్లమీద తుపాకి ఆనించి కాల్చినవారును అందు గలరు. ఆ భంగిమను చూచి నవ్వనివాడుండడు. కాని దానితోనే మంచి గుణములు వచ్చుచుండెను.

ఐర్లండువారిలో మిల్నరనునతడు ఒకమాఱు చక్కగా నడిబొడ్డున కొట్టెను. అయ్యో, అది ప్రక్కవారి లక్ష్యము! ఆ గుండునకు గుణములు రాలేదు. దినాంతమున ఐర్లండువారి మొత్తము 931. అమెరికావారిది 930, వారిలో కర్నలు బోడైను కాల్చవలసిన గుండొక్కటి మిగిలెను. అంతకు కొంచెము ముందే ఒక పానీయపు సీసా పగిలి ఆయన చేయి కోసికొనిపోయి రక్తము కారుచుండెను. చేతికి రుమాలు చుట్టుకొని, పండుకొని, గుఱిచూచి కాల్చెను. నడిబొడ్డున తగిలెను. 934కు 931. మిల్నరు గుండు తన లక్ష్యమునకే తగిలియున్నచో ఐర్లండువారికి 935 వచ్చెడివి. గెలుపోటములకు నడుమ నున్నది ఒక్క పొరపాటు.

ఇట్టి యోటమి పగకు చాలును. కాని ఐర్లండువారు తాము తెచ్చిన వెండిపాత్రను అమెరికా సంఘమునకు బహూకరించిరి. మఱుసటి సంవత్సరము అమెరికావారు డబ్లిను చెంత డాలీమౌంటు తీరమునకు అతిథులుగా వెళ్లి మఱల గెలిచిరి. లీచి తన అమెరికా యాత్రను 1875లో గ్రంథముగా ప్రకటించెను. శిష్యునిచేత ఓడుటయే గురువునకు కీర్తి యని మనవారందురు. వింబుల్డను నియమములు చూచి నేర్చిన శిష్యులు నేర్పినవారినే మించిరి. పిదప నేర్పినవారు శిష్యుల తుపాకిని పరీక్షించి చూడవలసివచ్చెను.

1877లో బ్రిటిషు జట్టునకు సర్ హెన్రీ హాల్‌ఫర్డు నాయకుడు. వారును ముందునుండి కూరు తుపాకులతో క్రీడ్‌మూరునకు పోయి ఓడిరి. హాల్‌ఫర్డునకు చిరమిత్రుడు మెట్‌ఫర్డు. ఈతడు ఇంజినీరు, 1857లో రైలుమార్గపు పనిపై మన దేశమునకు వచ్చి, మోంఘీరులో తిరుగుబాటు కాలమున తెల్లవారి రక్షణకు పాటుపడి, ఆరోగ్యము చెడి తిరిగిపోయినవాడు. ఈతడు తుపాకి రచించుట, ఆతడు కాల్చి లోపములు చెప్పుట, ఈతడు దిద్దుట: ఏండ్లకొలది వారి స్నేహమిట్లు సాగెను. మసి పట్టకుండుటకై మెట్‌ఫర్డు తొలిచిన లోతులేని గాడులను, లీ అనునతని తూటాపెట్టెగల తుపాకికి జోడించి, 1888లో బ్రిటిషు సైన్యము స్వీకరించెను. అదియే లీ-మెట్‌ఫర్డు. పొగలేని క్రొత్త మందు వేడికి ఆ గాడులు త్వరగా అరిగిపోగా, 1895లో లోతైన గాడులు పెట్టిరి. అది లీ-ఎన్‌ఫీల్డు ఆయెను. బంగాళములోని ఇషాపూరు కర్మాగారమునను అది తయారయ్యెను. మన పోలీసుల భుజములపై చిరకాలము వ్రేలాడిన "త్రీ నాట్ త్రీ" అదియే సుమండీ!

ఇచ్చట నా మనస్సు రెండు విధములుగా బాధపడును. వినోదగోష్ఠిలో పుట్టిన జ్ఞానము యుద్ధభూమిలో మనుష్యులను చంపినది. లక్ష్యపు ఇనుపపలకపై నేర్చిన గుఱి మనుష్యుని ఱొమ్ముపై పనిచేసినది. స్నేహమున పుట్టినది కావున విద్య నిర్దోషమని చెప్పుటకు వీలులేదు.

రెండవది మన సంగతి. క్రీడ్‌మూరు పోటీ జరిగిన నాలుగేండ్లకు, 1878లో, లిట్టను ప్రభువు కాలమున మన దేశమునకు ఆయుధచట్టము వచ్చెను. భారతీయుడు లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనరాదు. ఐరోపావారికి మాత్రము మినహాయింపు. అందుచే వింబుల్డనులో గుమాస్తా బాహాటముగా మాటలాడిన మాట మన పల్లెలో రైతు గుసగుసగా నైన ఆడుటకు జంకెను. స్వతంత్రభారతము 1959లో వేఱు చట్టము చేసి దానిని తొలగించెను. ఆయుధమునకు అదుపుండుట అవసరమే. దానిని నేను కాదనను. కాని అదుపు ధర్మమును బట్టి యుండవలెను గాని చర్మపు రంగును బట్టి యుండరాదు.

మహాభారతమున ద్రోణుడు ఏకలవ్యుని బొటనవ్రేలు కోరెను. తన శిష్యుని మించువాడుండరాదని విద్యను కోసివేసెను. ఆ ఘట్టము బడిలో చెప్పునపుడెల్ల పిల్లల ముఖములు చిన్నబోయెడివి. బోడైను చేయియు రక్తమోడ్చినదే. కాని ప్రతిపక్షి దానిని కోయలేదు, ఆ చేతికే బహుమాన మిచ్చెను. తుపాకి మాట యటుండనిండు. మగ్గము గాని, మడక గాని, మందుమూలిక గాని, మీరెఱిగిన విద్యను పోటీవానికి సైతము నవ్వుచు చెప్పుడు. అది ఎవరి చేతికి పోవుచున్నదో, ఏ పనికి పోవుచున్నదో అనునదియు గమనించుచుండుడు. ఈ రెంటిలో ఏది విడిచినను పెద్దఱికము నిలువదు.

సెలవు.